నట్టల మందు పడినా మేక కన్ను ఎందుకు తెల్లబడుతుంది?

తొలకరి పడి ఐదారు వారాలు గడిచాక పశువైద్యశాలలకు ఒకే తరహా మేకలు రావడం మొదలవుతుంది. వాటికి పారుడు (విరేచనాలు) ఉండదు, జ్వరం ఉండదు, మేత కూడా పూర్తిగా మానవు. కానీ మందలో వెనకబడతాయి, నాలుగడుగులు నడిచి పడుకుంటాయి. కొన్నింటికి దవడ కింద మెత్తటి వాపు కనిపిస్తుంది. ఇంకొన్నింటికి అదీ ఉండదు. సాయంత్రం మేసి దొడ్డికి చేరిన మేక తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. నట్టలేమో, అంటే కడుపులోని పురుగులేమో అని డాక్టర్ అంటే, "మొన్ననే మందు తాగించాం సార్, నట్టలు అయ్యుండవు" అన్న జవాబు వస్తుంది.

చాలాసార్లు అవి నట్టలే. మందు తాగించిన మాట కూడా నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం కావాలంటే మూడు సంగతులు విడివిడిగా చూడాలి: ఏ పురుగు నెత్తురు తాగుతుంది, ఆ నష్టాన్ని మేక ఒంట్లో ఏం భర్తీ చేస్తుంది, మందు ఎక్కడ ఓడిపోతుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో దాదాపు 14.89 కోట్ల మేకలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం రెండు, నాలుగు, పది మేకలున్న చిన్న ఇళ్లవే. అలాంటి ఇంట్లో ఒక చూడి మేక చచ్చిపోవడమంటే ఆ ఏటి ఆదాయంలో పెద్ద ముక్క పోయినట్టే.

నట్టలన్నీ ఒకటి కావు

నట్టలు అని మనం ఒకే మాటతో పిలిచేవాటిలో మూడు వేర్వేరు జాతుల గుంపులున్నాయి. దారాల్లాంటి గుండ్రటి పురుగులు ఒక గుంపు. రిబ్బన్‌లా పొడుగ్గా పెరిగే బద్దె పురుగులు రెండోది. ఆకులా చదునుగా ఉండే జలగలు మూడోది (చెరువులో ఒంటికి పట్టే జలగలు వేరు).

పెంటికల్లో కంటికి కనిపించేవి బద్దె పురుగుల ముక్కలే. అన్నం మెతుకుల్లా తెల్లగా, కొన్నిసార్లు కదులుతూ ఉంటాయి. అవి చూడగానే కాపరికి టెన్షన్ పట్టుకుంటుంది. నిజానికి అవి మేకకు చేసే చెరుపు తక్కువ, మరీ చిన్న పిల్లల్లో తప్ప. ప్రాణం తీసే పురుగు పెంటికల్లో కనిపించదు. దాని పేరు హీమాంకస్ కంటార్టస్. పేగు పురుగు అని అందరూ అనుకున్నా, అది ఉండేది పేగులో కాదు. మేక పొట్టలో నాలుగు అరలుంటాయి. చివరిదైన నాలుగో అరలో, ఆమ్లాలతో మేత అరిగే చోట, అది కాపురం పెడుతుంది.

చచ్చిన మేకను వెంటనే కోసి ఆ అరను తెరిస్తే విషయం కళ్లముందే ఉంటుంది. లోపల ముదురు గోధుమ రంగు నీళ్లు. వాటిలో రెండు మూడు సెంటీమీటర్ల పొడవున్న సన్నటి పోగులు మెదులుతుంటాయి. ఆడపురుగును వేలి మీదికి తీసుకుని చూస్తే ఎర్రటి చార చుట్టూ తెల్లటి చార మెలిక తిరిగి ఉంటుంది. ఎరుపు అది తాగిన మేక నెత్తురు, తెలుపు దాని గుడ్ల సంచి. కాస్త ఆలస్యంగా కోస్తే పురుగులు రంగు కోల్పోయి జిగురులో కలిసిపోతాయి. అందుకే చాలా చావులు కారణం తెలియకుండానే పోతాయి.

ఇదే పొట్టలో, పేగుల్లో ఉండే ట్రైకోస్ట్రాంగైలస్ లాంటి పురుగులు పారుడు పట్టిస్తాయి, మేకను చిక్కిపోయేలా చేస్తాయి, కానీ నెత్తురు తాగవు. హీమాంకస్ అచ్చంగా దీనికి తిరగబడ్డ రకం. నెత్తురు తాగుతుంది, మామూలుగా పారుడు మాత్రం పట్టించదు. నట్టలుంటే పారుడు ఉండి తీరాలన్న నమ్మకం వల్లే ఈ జబ్బు ఇంతమంది కళ్లు గప్పుతోంది.

వెయ్యి పురుగులు తాగే నెత్తురు ఎంత?

ఒక్క హీమాంకస్ పురుగు తాగేది, దాని కాటు గాయం నుంచి కారిపోయేది కలిపి రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు. అంటే చుక్క కూడా కాదు. ఇప్పుడు 25 కిలోల మేకను తీసుకుందాం. కిలో బరువుకు దాదాపు 70 మిల్లీలీటర్ల చొప్పున దాని ఒంట్లో 1,750 మిల్లీలీటర్ల నెత్తురు ఉంటుంది. కడుపులో వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోతుంది. మొత్తం నెత్తురులో దాదాపు మూడు శాతం. ఐదు లీటర్ల నెత్తురున్న మనిషి రెండున్నర రోజులకోసారి రక్తదాన శిబిరానికి వెళ్లి 350 మిల్లీలీటర్లు ఇచ్చి వస్తే ఎలా ఉంటుందో అలాంటి లెక్క ఇది. వానాకాలంలో ఒక మేక కడుపులో వెయ్యి పురుగులుండటం వింతేమీ కాదు, కొన్నింటిలో అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి.

మరి మేక వెంటనే ఎందుకు పడిపోదు? ఎముకల్లోని మూలుగ కొత్త ఎర్రకణాలను తయారు చేస్తూనే ఉంటుంది. మొదటి రెండు మూడు వారాల్లో నెత్తురు చిక్కదనం గబగబా పడిపోతుంది, ఎందుకంటే మూలుగ ఇంకా వేగం అందుకోలేదు. ఆ తర్వాత మూలుగ ఉత్పత్తి పెంచుతుంది, పోయేదీ వచ్చేదీ కొంతకాలం సరిసమానంగా నడుస్తాయి. ఈ దశలో మేక పాలిపోయి ఉన్నా తిరుగుతుంది, మేస్తుంది, పైకి బాగానే కనిపిస్తుంది. కానీ ఎర్రకణాలకు ఇనుము కావాలి, మాంసకృత్తులు కావాలి. ఒంట్లోని నిల్వలు అడుగంటిన రోజున మూలుగ చేతులెత్తేస్తుంది. ఇక పతనం రోజుల్లోనే. నిన్నటిదాకా బాగుందని యజమాని చెప్పేది అబద్ధం కాదు. నిల్వలు అయిపోయిన సంగతి బయటికి కనిపించదు, అంతే.

నెత్తురు చిక్కదనాన్ని ల్యాబ్‌లో పీసీవీ అనే పరీక్షతో కొలుస్తారు. సన్నటి గాజు గొట్టంలో నెత్తురు పోసి గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. గొట్టంలో వాటి వాటా ఎంత శాతమో అదే పీసీవీ. ఆరోగ్యంగా ఉన్న మేకలో 22 నుంచి 38 మధ్య ఉంటుంది. 15 కంటే కిందికి పడితే ప్రమాదం. ఈ స్థితిలో ఉన్న మేకను పట్టుకోవడానికి వెంటబడి తరిమినా కుప్పకూలిపోవచ్చు, ఎందుకంటే పరుగుకు కావలసిన ప్రాణవాయువును మోసే కణాలు దాని నెత్తుట్లో లేవు.

దవడ కింద వాపు సంగతి వేరు. నెత్తురుతో పాటు అందులోని మాంసకృత్తులూ పోతాయి. నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచేవి అవే. అవి తగ్గితే నీరు బయటికి ఊరి, మేసేటప్పుడు తల కిందికి ఉంటుంది కాబట్టి దవడ కింద సంచిలా చేరుతుంది. అందుకే ఈ వాపు సాయంత్రం ఎక్కువగా, పొద్దున తక్కువగా కనిపిస్తుంది. వాపు తగ్గిందని జబ్బు తగ్గినట్టు కాదు.

వానకూ పురుగుకూ ఉన్న లంకె

ఒక ఆడ హీమాంకస్ రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. వెయ్యి పురుగుల్లో సగం ఆడవే అనుకుని తక్కువలో తక్కువ లెక్కేసినా, ఒక్క మేక నుంచి రోజుకు 25 లక్షల గుడ్లు నేల మీద పడతాయి. ఇరవై మేకలు అదే స్థితిలో ఉంటే ఐదు కోట్లు.

ఈ గుడ్లకు వెచ్చదనం, తేమ రెండూ కావాలి. వానాకాలంలో మన దగ్గర రెండూ పుష్కలం. గుడ్డు పగిలి, పిల్లపురుగు రెండుసార్లు రూపం మార్చుకుని, నాలుగు రోజుల నుంచి వారంలోపు మేకకు సోకే దశకు వస్తుంది. గడ్డి మీది పలచటి నీటి పొరను పట్టుకుని పైకి పాకుతుంది. ఎక్కువ దూరం పాకలేదు. చాలావరకు నేల నుంచి రెండు అంగుళాల లోపే ఉండిపోతుంది. గడ్డిని మొదలంటా కొరికిన మేక నోట్లో పడితే మూడు వారాల్లో పెద్ద పురుగై మళ్లీ గుడ్లు పెడుతుంది. తొలకరికీ చావులకూ మధ్య నెల, నెలన్నర ఎడం ఎందుకుంటుందో ఈ లెక్కలోనే ఉంది: గుడ్డు పిల్లపురుగు కావడానికి వారం, కడుపులో ఎదగడానికి మూడు వారాలు, ఆ తర్వాత నెత్తురు కరిగే సమయం.

ఎండాకాలంలో నేల మీద గుడ్లు, పిల్లపురుగులు మాడిపోతాయి. మరి జాతి ఎలా బతుకుతుంది? మేక కడుపులోనే. పిల్లపురుగుల్లో కొన్ని పొట్ట గోడలో దూరి, ఎదగకుండా నెలల తరబడి నిద్రావస్థలో ఉండిపోతాయి. అనువైన కాలం వచ్చేసరికి మేలుకుంటాయి. మేక ఈనే రోజులు కూడా వాటికి అనువైనవే. ఈనడానికి కాస్త ముందు, ఈనాక కొన్ని వారాలు తల్లి ఒంట్లో రోగనిరోధక శక్తి సడలుతుంది. ఆమె పెంటికల్లో గుడ్ల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే పక్కన పిల్లలు గడ్డి కొరకడం నేర్చుకుంటూ ఉంటాయి.

గొర్రె కంటే మేకకే ఎందుకింత దెబ్బ?

మేక పుట్టుకతో గడ్డి మేసే జీవం కాదు, కొమ్మల మేత దానిది. ముందరి కాళ్లు ఎత్తి తుమ్మ, రేగు, అవిశ, సుబాబుల్ ఆకు అందుకునే జంతువు. రెండు అంగుళాల ఎత్తు దాటి పాకలేని పురుగుతో దానికి వేల ఏళ్లుగా పెద్దగా పనిపడలేదు. నేలగడ్డి మేసే గొర్రె మాత్రం ఆ పురుగుతో పోరాడుతూ కొంత నిరోధక శక్తి సంపాదించుకుంది. పెద్ద వయసు గొర్రెలు చాలావరకు పురుగులను అదుపులో పెట్టుకోగలవు. మేకలు పెద్దవయ్యాక కూడా అంత గట్టిగా తట్టుకోలేవు.

పొదలు, కంచెలు, తుమ్మచెట్లు ఉన్నంతకాలం ఇది సమస్య కాలేదు. బీళ్లు సాగులోకి వచ్చి, కొమ్మల మేత కరిగిపోయి, మేకలు కూడా గొర్రెలతో కలిసి చెరువు శిఖాల్లో, కాలువ గట్ల మీద తడిగడ్డి మేయాల్సి వచ్చిన చోట లెక్క తిరగబడింది. నట్టల సమస్యను మందుల సమస్యగానే చూస్తున్నాం గానీ, సగం అది మేత భూముల సమస్య అని నా అభిప్రాయం.

కంటి రెప్ప చెప్పేది, చెప్పనిది

దక్షిణాఫ్రికాలో 1990ల నాటికే హీమాంకస్ మందులకు లొంగడం మానేసింది. మందలోని అన్ని జీవాలకూ (గొర్రెలకూ, మేకలకూ) మందు వేసే పద్ధతి ఇక సాగదని తేలాక అక్కడి పశువైద్యులు ఫమాచా అనే కార్డు తయారు చేశారు. ఆ ఆలోచనకు మూలమైన ఫాఫా మలన్ పేరులోని అక్షరాలకు చార్ట్ అన్న మాటలోని అక్షరాలు కలిపి దానికి ఆ పేరు పెట్టారు. అందులో ఎరుపు నుంచి తెలుపు దాకా ఐదు రంగులుంటాయి. మేక కంటి కింది రెప్పను కొద్దిగా కిందికి లాగి, లోపలి పొర రంగును వెలుతురులో కార్డుతో పోలుస్తారు. ఎక్కువసేపు తెరిచి పట్టుకుంటే గాలికి, రాపిడికి పొర ఎర్రబడి మోసం చేస్తుంది, కాబట్టి రెండు మూడు సెకన్లలో చూసి వదిలేయాలి. ఒకటి, రెండు రంగులైతే నెత్తురు బాగున్నట్టు. నాలుగు, ఐదు అయితే మందు వెంటనే పడాలి. మూడు దగ్గర గొర్రెల విషయంలో కొంత వెసులుబాటు ఉంది, మేకల్లో మాత్రం మూడు కూడా మందు అవసరమున్నట్టే లెక్క.

కార్డు ఇంత సులువైనదే అయినా దానికి హద్దులున్నాయి. అది చెప్పేది నెత్తురు తక్కువగా ఉందని మాత్రమే, ఎందుకు తక్కువైందో చెప్పదు. పారుడు పట్టించే పురుగులున్న మేకకు కన్ను ఎర్రగానే ఉండొచ్చు. కంటి కలక వచ్చిన మేక, దుమ్ములో తిరిగిన మేక రెప్ప ఎర్రగా కనిపించి రక్తహీనతను దాచేయొచ్చు.

తెల్లబడ్డ కన్నంతా హీమాంకస్ పని కూడా కాదు. నత్తలున్న చెరువులు, కాలువల దగ్గర మేసే జీవాల్లో కాలేయపు జలగలు ఇదే పాలిపోవడం, ఇదే దవడ వాపు తెస్తాయి. పిడుదులు, పేలు ఒళ్లంతా పట్టి నెత్తురు పీల్చినా, పిడుదుల ద్వారా సోకే రక్తపు జబ్బులు వచ్చినా కన్ను తెల్లబడుతుంది. వీటిలో తరచూ జ్వరం ఉంటుంది. నెల నుంచి నాలుగైదు నెలల పిల్లల్లో రక్తంతో పారుడు ఉంటే కాక్సీడియా అనే ఏకకణ జీవిని అనుమానించాలి. దాని మీద నట్టల మందులేవీ పనిచేయవు. చాలాకాలం ఎండుమేత తప్ప మరేదీ అందని మేక ఏ పురుగూ లేకుండానే పాలిపోవచ్చు. అందుకే పేడ పరీక్షకు విలువ. మైక్రోస్కోపు కింద గ్రాము పేడలో ఎన్ని గుడ్లున్నాయో లెక్కిస్తే అనుమానం సగం తీరుతుంది. సగమే అనడానికి కారణం, గుడ్లు పెట్టే వయసు రాని పురుగులు కూడా నెత్తురు తాగుతాయి, అవి లెక్కలోకి రావు.

మందు ఎక్కడ ఓడిపోతుంది?

మొదటిది మోతాదు. 2.5 శాతం ఆల్బెండజోల్ సీసాలో ప్రతి మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలోకు 7.5 మిల్లీగ్రాములు వేయాలని డాక్టర్ రాశారనుకుందాం. 30 కిలోల మేకకు 225 మిల్లీగ్రాములు, అంటే 9 మిల్లీలీటర్లు పడాలి. తూకం వేయకుండా కంటిచూపుతో 20 కిలోలని అంచనా వేస్తే 6 మిల్లీలీటర్లే పోస్తాం. కిలోకు 5 మిల్లీగ్రాములకు పడిపోయింది. బలహీనమైన పురుగులు చస్తాయి, గట్టివి బతుకుతాయి. మందంతటికీ సగటు బరువు పట్టుకుని ఒకే కొలత పోస్తే పెద్ద మేకలన్నింటికీ తక్కువ పడినట్టే.

ఇందులోనే ఇంకో చిక్కుంది. చాలా మందుల మోతాదులు మొదట గొర్రెల మీద తేల్చినవి. మేక కాలేయం మందును గొర్రె కంటే వేగంగా విరిచేసి బయటికి పంపుతుంది. ఆల్బెండజోల్ జాతి మందులు, ఐవర్‌మెక్టిన్ నోటి ద్వారా ఇచ్చేటప్పుడు మేకకు గొర్రె మోతాదుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కావాలని పరిశోధకులు చెప్పేది అందుకే. అలాగని ఎక్కువ పోస్తే మంచిదే అన్న సూత్రం అన్నింటికీ చెల్లదు. లెవమిసోల్‌కు మందుకూ విషానికీ మధ్య ఎడం తక్కువ. క్లోజాంటెల్ మోతాదు మించితే మేకకు చూపు పోతుంది. ఆల్బెండజోల్ చూడి తొలి రోజుల్లో పడితే పిండం దెబ్బతింటుంది. సీసా మీది పేరు మారితే లెక్క మొత్తం మారుతుంది.

రెండోది పురుగుకూ మందుకూ పొంతన లేకపోవడం. ఐవర్‌మెక్టిన్, లెవమిసోల్ జలగల మీద పనిచేయవు. క్లోజాంటెల్ నెత్తుట్లోని మాంసకృత్తులకు అతుక్కుని వారాల తరబడి ఉంటుంది కాబట్టి నెత్తురు తాగే హీమాంకస్‌కూ జలగలకూ బాగా తగులుతుంది, నెత్తురు తాగని పురుగుల జోలికి దాదాపు పోదు. దుకాణంలో ఏటా పేరు మార్చి కొన్నా, రెండు సీసాల్లోనూ ఒకే కుటుంబానికి చెందిన మందు ఉండొచ్చు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ అన్నదమ్ములే. ఒకదానికి లొంగని పురుగు రెండోదానికీ చాలావరకు లొంగదు.

మూడోది, అన్నింటికంటే కష్టమైనది, పురుగులు మందుకు అలవాటుపడటం. ఇది కొత్త కథ కాదు. ఆల్బెండజోల్ కుటుంబంలో తొలి మందు థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964 నాటికే దానికి లొంగని హీమాంకస్‌ను అమెరికాలో గుర్తించారు. ఐవర్‌మెక్టిన్ కనుగొన్నవారికి 2015లో నోబెల్ వచ్చింది. గొర్రెల్లో దానికి లొంగని పురుగులు అంతకు పాతికేళ్లకు పైగా ముందే, 1980ల్లోనే దక్షిణాఫ్రికాలో బయటపడ్డాయి.

అలవాటు పడ్డాయో లేదో తేల్చే పద్ధతి సూటిగానే ఉంటుంది. మందు రోజున కొన్ని మేకల పేడలో గుడ్లు లెక్కిస్తారు, రెండు వారాలకు మళ్లీ లెక్కిస్తారు. సగటున గ్రాముకు 1,600 గుడ్లున్నవి 480కి తగ్గాయనుకుందాం. తగ్గుదల 70 శాతం. చూడ్డానికి బాగానే ఉంది. కానీ 95 శాతం తగ్గకపోతే ఆ మందు అక్కడ నమ్మదగింది కాదని లెక్క. ఎందుకంటే మిగిలిన ఆ 480 గుడ్లు మందును తట్టుకున్న తల్లులు పెట్టినవి.

మందంతటికీ వేయాలా, పాలిపోయినవాటికే వేయాలా?

అసలు వాదన ఇక్కడే ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ పశుసంవర్ధక శాఖలు జీవాలకు సామూహికంగా నట్టల మందు తాగించే కార్యక్రమాలు నడుపుతున్నాయి. దాన్ని సమర్థించేవారి మాటలో బలముంది. చిన్న కాపరికి ల్యాబ్ అందుబాటులో ఉండదు. రెండొందల జీవాల మందలో రెండు వారాలకోసారి ప్రతి కన్నూ చూడటం మాటలు కాదు. ఊరంతా ఒకే బీడులో మేస్తున్నప్పుడు ఒక మంద పురుగులు ఇంకో మందకు చేరతాయి, కాబట్టి అందరూ ఒకేసారి వేయిస్తే నేల మీద గుడ్ల భారం తగ్గుతుంది. తొలకరికి ముందు వేస్తే పొట్ట గోడలో నిద్రపోతున్న పురుగులు పోయి, వానాకాలం శుభ్రంగా మొదలవుతుంది.

ఎంపిక చేసి వేయాలనేవారు ముందు ఒక గమనికను ముందుకు తెస్తారు. పురుగులు మందలో అందరికీ సమానంగా ఉండవు. సుమారు 20 నుంచి 30 శాతం జీవాలే 70 నుంచి 80 శాతం పురుగులను మోస్తుంటాయి. మిగతావాటికి వేసిన మందు వాటికి పెద్దగా చేసే మేలు లేదు.

రెండో వాదన లెక్కతో చూస్తే తేలిగ్గా బోధపడుతుంది. ఒక మందలోని జీవాలన్నింటి కడుపులో కలిపి లక్ష పురుగులున్నాయి, వాటిలో నూటికి ఒకటి, అంటే వెయ్యి, మందును తట్టుకునేవి అనుకుందాం. అందరికీ మందు వేస్తే 99,000 చచ్చి ఆ వెయ్యి మిగులుతాయి. వానాకాలంలో నేల మీద పది లక్షల మామూలు పిల్లపురుగులు కాచుకుని ఉంటే, అవి మళ్లీ మేకలకు ఎక్కి ఆ వెయ్యింటి సంతానం వాటిలో కలిసిపోతుంది. అదే మే నెలలో, నేల మీద పిల్లపురుగు ఒక్కటీ బతికి లేని రోజున వేస్తే? వచ్చే వానాకాలం పురుగుల తరం మొత్తం ఆ వెయ్యి నుంచే పుడుతుంది. నూటికి ఒకటిగా ఉన్నది ఒక్క దెబ్బకు నూటికి నూరయ్యే దారిలో పడుతుంది. ఎండాకాలపు మందు ఏ కారణంగా బాగా పనిచేస్తుందో, సరిగ్గా అదే కారణంగా ప్రమాదకరం కూడా. మందు వేసి వెంటనే కొత్త బీడుకు మార్చమన్న పాత సలహాకూ ఇదే చిక్కు. కొత్త బీడులో పడేవి మందును తట్టుకున్న పురుగుల గుడ్లే.

రెండు పక్షాలూ చూసేది రెండు వేర్వేరు నష్టాలను. ఒకరు ఈ ఏడు చచ్చే మేకలను లెక్కిస్తున్నారు, ఇంకొకరు పదేళ్ల తర్వాత ఏ మందూ పనిచేయని రోజును. మధ్యేమార్గంగా చాలామంది నిపుణులు చెప్పేదేమంటే, పిల్లలకు, ఈనబోయే తల్లులకు, చిక్కిపోయినవాటికి తప్పక వేసి, బలంగా ఉన్న పెద్ద జీవాల్లో కొన్నింటిని మందు లేకుండా వదలడం. నాకు ఇదే సబబుగా తోస్తుంది. పదిహేను, ఇరవై మేకలున్న ఇంట్లో రెప్ప చూసి వేయడం ఇప్పుడే సాధ్యం. వలస తిరిగే వందల జీవాల మందకు దాన్ని నియమంగా పెట్టడం అన్యాయం.

మందు సీసా బయట ఉన్నవి

వంతులవారీగా మేపడం పుస్తకాల్లో తరచూ కనిపించే సలహా. మన వేడికి పిల్లపురుగులు కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి కాబట్టి, నాలుగు రోజులకు మించకుండా ఒక మడిలో మేపి నెల పైన దాటాక తిరిగి వస్తే లాభముంటుంది. సొంత భూమి, కంచె ఉన్నవారికి ఇది కుదురుతుంది. ఉమ్మడి బీడులో కుదరదు. పశువులను, గేదెలను జీవాలతో మార్చి మేపితే హీమాంకస్ భారం కొంత తగ్గుతుంది, ఎందుకంటే మేకల పురుగు వాటిలో బాగా బతకదు. జలగలకు మాత్రం ఈ తేడా లేదు, అవి అందరినీ పట్టుకుంటాయి.

టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువగా ఉన్న ఆకుమేత పురుగుల గుడ్లను, ఎదుగుదలను తగ్గిస్తుందని చాలా పరిశోధనల్లో తేలింది. తుమ్మజాతి ఆకులు, కాయలు అలాంటివే. ఇది పురుగును చంపే మందు కాదు, భారం తగ్గించే మేత. పైగా కొమ్మలు మేసే మేక నేలగడ్డి ముట్టదు కాబట్టి కొత్తగా సోకే పురుగులూ తగ్గుతాయి. ఈ రెండో లాభమే పెద్దదని చెప్పొచ్చు. వేపాకు, వెల్లుల్లి లాంటి నాటు మందుల మీద ఫలితాలు ఒక్కో చోట ఒక్కోలా వచ్చాయి. పాలిపోయిన మేకకు వాటిని నమ్ముకుని రోజులు గడపడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఆస్ట్రేలియాలో 2014లో గొర్రెలకు హీమాంకస్ టీకా అమ్మకానికి వచ్చింది. పురుగు పేగు గోడలోని మాంసకృత్తులతోనే చేసిన టీకా అది. టీకా వేసిన గొర్రె నెత్తురు తాగిన పురుగు, ఆ నెత్తుట్లోని ప్రతిరక్షకాల దెబ్బకు అరిగించుకోలేక చస్తుంది. పదే పదే వేయాల్సి రావడం దాని లోపం. జాతి ఎంపిక ఇంకో దారి. సుందర్బన్స్ చిత్తడి నేలల గారోల్ గొర్రెలు హీమాంకస్‌ను బాగా తట్టుకుంటాయని పేరు. ఒకే మందలో ఒకే బీడులో తిరుగుతూ ఏటా కన్ను ఎర్రగా ఉండే మేక పిల్లలను పోతుకు అట్టిపెట్టుకోవడం కూడా ఇదే సూత్రం, చిన్న ఎత్తున.

పోయిన నెత్తురు మళ్లీ ఎలా పడుతుంది?

పురుగు చచ్చిన మర్నాడే కన్ను ఎర్రబడదు. నెత్తురు కారడం ఆగుతుంది, అంతే. అక్కడి నుంచి మూలుగ పని మొదలవుతుంది. దానికి వారాలు పడుతుంది.

ఇనుము ఇంజెక్షన్ గురించి రెండు మాటలు వినిపిస్తాయి. చాలా రోజులుగా నెత్తురు పోగొట్టుకున్న మేకలో ఇనుము నిల్వలు నిజంగానే అడుగంటుతాయి, అక్కడ ఇంజెక్షన్ ఉపయోగమే. వారం రెండు వారాల్లో హఠాత్తుగా పడిపోయిన మేకలో ఇనుము ఇంకా ఉంటుంది, దానికి ముందు కావలసింది మాంసకృత్తులు. నూనెగింజల చెక్క, పప్పుధాన్యాల పొట్టు, సుబాబుల్, అవిశ ఆకు లాంటి మేత ఈ పని చేస్తుంది. మంచి మేత పడిన మేక పురుగులను కూడా మెరుగ్గా తట్టుకుంటుంది, ఎందుకంటే రోగనిరోధక శక్తికీ మాంసకృత్తులే ముడిసరుకు. పురుగును అలాగే వదిలేసి ఇనుము ఎక్కిస్తే మాత్రం ఎక్కించింది ఎక్కించినట్టే పురుగు కడుపులోకి పోతుంది. కన్ను పూర్తిగా తెల్లబడి లేవలేని మేకకు ఇవేవీ సమయానికి అందవు. అప్పుడు ఇంకో ఆరోగ్యవంతమైన మేక నెత్తురు ఎక్కించడమే మిగిలిన దారి. వసతి ఉన్న పశువైద్యశాలల్లో అది చేస్తారు.

మందు పడిన రెండు మూడు వారాలకు రెప్పను మళ్లీ తిప్పి చూస్తే ఒక అంకె అయినా ఎరుపు వైపు జరిగి ఉండాలి. జరగలేదంటే మూడింటిలో ఒకటి జరిగినట్టు: ఆ మందు ఆ మందలోని పురుగుల మీద పనిచేయలేదు, లేదా నెత్తురు పోవడానికి కారణం హీమాంకస్ కాదు, లేదా మేకకు కొత్త నెత్తురు తయారు చేసుకునేంత మేత అందలేదు. ఏది నిజమో పేడ పరీక్ష, అవసరమైతే రక్త పరీక్ష విడదీసి చెబుతాయి. ఆ పరీక్ష చేయకుండా అదే సీసా మళ్లీ తెరిస్తే మొదటిసారి బతికిన పురుగులే రెండోసారీ బతుకుతాయి.